ఆ బస్సు నంబరు

"ఫుట్‌పాత్ మీదే వెళ్లు, విన్నావా? రోడ్డు మీదకి దిగావంటే సైకిలు తీసి అటక మీద పడేస్తా" అన్నాడు తండ్రి, బూట్ల లేసులు బిగించుకుంటూ.

"రోడ్డు మీదే వెళ్లు. ఓ పక్కగా, నెమ్మదిగా. ఫుట్‌పాత్ ఉన్నది మనుషులు నడవడానికి" అంది తల్లి, డబ్బా మూత నొక్కిపెడుతూ.

కూతురు ఇద్దరికీ కలిపి ఒక్క "సరే" పడేసి, సైకిలు గుమ్మం దాటించింది.

"మీ ఇద్దరి మాటా వినాలంటే నా మనవరాలు సైకిలుతో సహా పిచ్చుకలా గాల్లో ఎగరాలర్రా" అంది నానమ్మ, కుర్చీలోంచి కదలకుండా.

ఎవరూ నవ్వలేదు. సైకిలు కొని నెల కావస్తోంది. నెల నుంచీ పొద్దున్నే ఆ ఇంట్లో ఇదే గోల.

ఎవరి భయం వాళ్లది. ఆయన సిటీ బస్సు డ్రైవరు. పక్క అద్దంలో కనపడని చోటు ఎంత ఉంటుందో, అందులోకి సైకిలు వస్తే ఏమవుతుందో ఆయనకి తెలుసు. ఆమె ఎముకల వార్డులో నర్సు. ఫుట్‌పాత్ మీద సైకిలు తగిలి తుంటి విరగ్గొట్టుకున్న ముసలివాళ్లని పక్కకి తిప్పి పడుకోబెట్టేది ఆమే. పోనీ ఆ కబుర్లు పని దగ్గరే వదిలేసి వస్తారా అంటే, అదీ లేదు. రాత్రి భోజనాల దగ్గర ఆయన ఒక లారీ సంగతి ఎత్తితే, ఆమె ఒక ముసలమ్మ సంగతి ఎత్తుతుంది. మధ్యలో కూర్చున్న పిల్ల తలవంచుకుని రెండూ వింటుంది. ఆ వాదన తెగదు సరికదా, ముదిరి ముదిరి చివరికి ఇద్దరూ చెరో గోడవైపు తిరిగి పడుకుంటారు.

ఆ రోజు మధ్యాహ్నం తల్లి వార్డులో ఉండగా బడి నుంచి ఫోన్ వచ్చింది.

"మీ అమ్మాయి రోజూ మొదటి క్లాసుకి ఆలస్యంగా వస్తోందండీ. అడిగితే చెప్పదు. ఇంట్లో అంతా బాగానే ఉందా?" అంది క్లాస్ టీచరు.

సైకిలు మీద బడి పావుగంట. పిల్ల అరగంట ముందే బయల్దేరుతోంది. మిగిలిన టైమంతా ఎక్కడుంటోంది? ఎవరితో? పద్నాలుగేళ్ల పిల్ల! ఆమె తోచిందల్లా ఊహించుకుంది. మందుల ట్రే తోస్తూ పక్క మంచం పేషెంటు మాత్ర ఈ మంచానికి ఇవ్వబోయి నాలిక్కరుచుకుంది. మొగుడికి ఫోన్ మీద ఫోన్ చేసింది. బస్సు డిపోలో ఆగాక గానీ ఆయన ఎత్తలేదు.

సాయంత్రం పిల్ల గుమ్మంలో అడుగుపెట్టేసరికి ఇద్దరూ నిలబడి ఉన్నారు.

"పొద్దున్నే ఎక్కడికి పోతున్నావ్?"

"బడికే నాన్నా."

"ఎవరితో?"

"ఎవరితోనూ కాదు."

"అబద్ధాలాడకే! మీ టీచరు నాకు అంతా చెప్పింది. ఎవరే వాడు?" అని నిలదీసింది తల్లి.

పిల్ల వంగి బూట్లు విప్పి పక్కన పెట్టింది. అది చూసి తండ్రికి ఒళ్లు మండిపోయింది.

"అంతా నీ వల్లే" అని పెళ్లాం మీద విరుచుకుపడ్డాడు. "రోడ్డెక్కమన్నావుగా, ఏ రోడ్డు పట్టిందో చూడు!"

"ఆహా! అసలు సైకిలు కొన్నది ఎవరండీ? నేను వద్దని మొత్తుకోలేదూ?"

"కొన్నది నేనే, తీసేసేదీ నేనే!"

విసురుగా వెళ్లి సైకిలు హ్యాండిలు పట్టుకున్నాడు. వెనక్కి లాగబోయి ఆగిపోయాడు. వంగి పెడలు చూశాడు. వేలితో రాశాడు. రోజంతా కాలి కింద పెడళ్లతో గడిపే మనిషికి ఒకరు చెప్పాలా? రబ్బరు మీద గీత లేదు, అరుగుదల లేదు. కొట్లో ఉన్నప్పటిలాగే ఉంది.

"దీన్ని... తొక్కినట్టే లేదు" అన్నాడు నెమ్మదిగా.

తల్లి చూపు పిల్ల విప్పిన బూట్ల మీద పడింది. తీసి తిప్పి చూసింది. అడుగు అరిగి, ముందు భాగంలో చిల్లి పడింది.

"నడిచి వెళ్తున్నావా?"

పిల్ల తలూపింది. "తోసుకుంటూ."

"ఎందుకే తల్లీ?"

అంతసేపూ ఆపుకున్నది ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

"మొదటిరోజు ఫుట్‌పాత్ మీదే వెళ్లానమ్మా. ముందు ఒక మామ్మగారు కర్ర పట్టుకుని నడుస్తోంది. బెల్లు కొట్టేసరికి ఉలిక్కిపడి గోడ పట్టుకుంది. ఇంకాస్తయితే పడిపోయేది. నువ్వు చెప్పినవన్నీ గుర్తొచ్చి రోడ్డు మీదకి దిగాను. వెనకే బస్సు వచ్చింది. నా మీదకే వచ్చినట్టు హారన్ కొట్టింది. ఫుట్‌పాత్ అంచుకి గుద్దుకుని పడ్డాను. మోచెయ్యి చీరుకుపోతే బళ్లో పడ్డానని చెప్పాను. అప్పట్నించీ ఎక్కలేదు."

"మాతో చెప్పొచ్చుగా!"

"ఏమని చెప్పను? రోడ్డంటే భయమంటే నాన్న గెలిచినట్టు. ఫుట్‌పాత్ అంటే భయమంటే నువ్వు గెలిచినట్టు. ఎవరు గెలిచినా ఆ రాత్రి మీరిద్దరూ మాట్లాడుకోరు."

తల్లి ఆ చిల్లి బూటు పట్టుకుని అలాగే కూలబడింది. పిల్లని కాపాడుతున్నానని రోజూ ముద్దముద్దకీ తినిపించింది భయమే కదా అనుకుంటే ఏడుపు ఆగలేదు.

"ఏ బస్సు అది? నంబరెంత?" అన్నాడు తండ్రి. ఆ గొంతులో కోపం లేదు.

"చూడలేదు నాన్నా" అంది పిల్ల. మళ్లీ తనే, "చూడాలనిపించలేదు" అంది.

అది నాన్న బస్సేమోనన్న భయంతోనే చూడలేదని ఆయనకి అర్థమైంది. ఆ రోజు తనెక్కడున్నాడో గుర్తు తెచ్చుకోబోయాడు. గుర్తు రాలేదు. అడ్డొచ్చిన సైకిలు మీద ఎన్నిసార్లు హారన్ కొట్టాడో ఎవరు గుర్తుపెట్టుకుంటారు? కూతురి మోచెయ్యి చేతిలోకి తీసుకున్నాడు. మానిన గాయాన్ని బొటనవేలితో నిమిరాడు.

"ఇకనైనా మీరు నోళ్లు కట్టేసుకుని, దాని వెంట ఒకసారి వెళ్లి చూసి రండర్రా" అంది నానమ్మ.

సెలవు రోజున ముగ్గురూ ఆ దారంతా కలిసి నడిచారు. సందులో వెనక్కి చూసుకుని రోడ్డు మీద తొక్కడం, పెద్ద రోడ్డు దగ్గర దిగి ఫుట్‌పాత్ మీద తోసుకెళ్లడం, ఎక్కడ ఎక్కాలో ఎక్కడ దిగాలో పిల్లే చెప్పింది. ఇద్దరికీ మధ్యలో చెప్పాలనిపించినవి చాలా ఉన్నాయి. అయినా నోరు నొక్కుకున్నారు. మొదటిసారి అది పెడలు తొక్కి సందు మలుపు తిరిగినప్పుడు తల్లి మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ చెయ్యీ చల్లగానే ఉంది.

మర్నాడు డ్యూటీలో, బస్సు ముందు ఒక పిల్ల సైకిలు తొక్కుతోంది. పక్కకి తప్పుకునే చోటు లేదు. ఆయన చెయ్యి అలవాటుగా హారన్ మీదకి వెళ్లి వెనక్కి వచ్చింది. బస్సు దాని వెనకే నత్తనడక నడిచింది.

"ఏమయ్యా డ్రైవరూ, మేం ఈ పూట చేరతామా?" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

కండక్టరు ముందుకొచ్చి అద్దంలోంచి తొంగి చూసింది. "ఏంటన్నా, మీ అమ్మాయా?"

ఆ పిల్లని ఆయన ఎప్పుడూ చూడలేదు.

"అవునమ్మా" అన్నాడు.