అమ్మమ్మ పాతిపెట్టిన సీసా

సరస్సు ఒడ్డున మా ఊరు సెంగెరేమాలో అందరూ చీకటికి భయపడతారు. నేను మిట్టమధ్యాహ్నానికి భయపడతాను. పుట్టుకతోనే ఒంట్లో రంగు లేనిదాన్ని, ఎండ నన్ను కాల్చుకు తింటుంది. దెయ్యమని వెక్కిరించేవాళ్ళకి, "అయితే ఈ పూట నీ ఇంటికే వస్తా, ఉగాలి ముద్ద వండిపెట్టు" అని జవాబిచ్చే నోరు నాది. ఎడమ చెవి మీద పుండు ఏడాదైనా మానకపోయేసరికి ఆ నోరు మూతపడింది.

"చర్మ క్యాన్సరు, న్యామిజీ," అన్నాడు సరస్సు అవతలి ఆసుపత్రిలో డాక్టర్ మషౌరి. "చుట్టూ కాస్త మంచి చర్మంతో సహా చెవి డొప్ప తీసేయాలి. వినికిడికి ఢోకా లేదు. తీసిన ముక్క అంచులు శుభ్రంగా ఉన్నాయని పరీక్షలో తేలితే గండం గడిచినట్టే. దాని వేరు లోపల మిగిలితే మళ్ళీ కోయాలి. ఆలస్యమైతే మెడలోకి దిగుతుంది. అప్పుడు నా చేతిలో ఉండదు."

కోశారు. ముక్క ఉన్న సీసాని పరీక్ష గదికి ఇంటివాళ్ళే మోసుకెళ్ళి ఇవ్వాలి. అమ్మమ్మ మోసుకెళ్ళింది.

ఇంటికొచ్చాక వారం రోజులు నాకు నిద్ర లేదు. కట్టు కట్టిన వైపు ఏదో రాలుతున్న చప్పుడు. తడి మట్టి రాలినట్టు. చివరికి, సీసా పరీక్షకి ఇచ్చావా లేదా అని అమ్మమ్మని నిలదీశాను.

"పరీక్షా లేదు, గిరీక్షా లేదు. నీ మంచం కిందే పాతిపెట్టా," అంది. "పరాయి చేతుల్లో పెడతానటే? మీలాంటివాళ్ళ వేలు దొరికినా మంత్రగాళ్ళకి అమ్ముకునేవాళ్ళున్నారు. నా చెల్లి కబూల నీలాగే ఉండేది. ఏడేళ్ళ పిల్ల. ఈ గదిలోంచే మాయమైంది."

ఆమె మీద కోపం, జాలి రెండూ ఒకేసారి ముంచుకొచ్చాయి. కానీ నాకు బతకాలని ఉంది. మంచం పక్కకి లాగి పార అందుకున్నాను.

ఎండకి కిటికీలన్నీ మూసి ఉన్నాయి. గదంతా చీకటి, ఎండుచేపల వాసన. పార వేశాను. కుడి చెవికి ఆ చప్పుడు నా కాళ్ళ దగ్గర వినిపించింది. ఎడమవైపు... నా నెత్తిమీద. నేనే గోతిలో ఉన్నట్టు.

ఆగాను.

ఎడమవైపు తవ్వకం ఆగలేదు... గోళ్ళతో... కింద నుంచి...

"చాలే తల్లీ, ఆపు," గుమ్మంలోంచి గుసగుసగా అంది అమ్మమ్మ.

సీసా చేతికి తగిలింది. లోపలికి చూడకుండా గుడ్డలో చుట్టి, దొరికిన మొదటి పడవకే పరుగెత్తాను.

డాక్టరు మూత తీశాడు. సీసాని వెలుగులోకి తిప్పి చూశాడు.

"ఇది కుడి చెవి," అన్నాడు. "చిన్నపిల్లది. నీది ఏది, న్యామిజీ? అది చూడకుండా వేరు మిగిలిందో లేదో ఎలా చెప్పను?"

కట్టు కట్టిన వైపు, చాలా దగ్గరగా, మట్టి నిండిన చిన్న గొంతు.

"మిగిలింది..."

నాకొక్కదానికే వినిపించిందనుకున్నాను. డాక్టరు తలెత్తి నా వెనక్కి చూశాడు.

"ఎవరీ పాప?"