సముద్రానికి వదిలిన ఊపిరి

సముద్రం ఒడ్డున ఉన్న ఆర్డ్‌వెన్నీలో ఉత్సవం అంటే వాన పడి తీరాల్సిందే. ఆ ఏడు వాన రాలేదు గానీ, నీళ్ల మీంచి పొగమంచు వచ్చి మైదానం మీద తిష్ఠ వేసింది. బ్యాగ్‌పైపులు మోగుతున్నాయి, వాయించేవాళ్లు కనబడడం లేదు. బంగాళాదుంప వేపుళ్ల మీద చల్లిన వెనిగర్ వాసన, తడిసిన ఉన్ని వాసన కలిసి గాలిలో నిలిచిపోయాయి. డేరా వెనక ఊనా కాలుగాలిన పిల్లిలా అటూ ఇటూ తిరుగుతోంది. రేకు పిల్లనగ్రోవిని చంకలో పెట్టుకుని వెచ్చబెడుతోంది. రేకు చల్లగా ఉంటే శ్రుతి కలవదు.

ఊనాది రొట్టెల దుకాణంలో పని. చెల్లెలు డోలీనా బడిలో వంట చేస్తుంది. మూడోవాడు ఈనియస్, ఉత్తరాలు పంచి పంచి మోకాళ్లరిగిన ముసలాయన. ముగ్గురూ సరదాకి వాయించేవాళ్లే. చలికాలం పోయింది మొదలు చర్చి హాల్లో కూర్చుని ఒకే పాట సాధన చేశారు. అది పడవలతో పాటు మునిగిపోయినవాళ్ల పాట.

ఆ పాట నడుమ ఒక ఖాళీ ఉంది. పొడుగాటి స్వరం అయ్యాక అందరూ ఒక్కసారే ఆగాలి, నిండుగా ఊపిరి పీల్చుకునేంతసేపు. గాలి అందక పోయినవాళ్లు కదా, ఏడాదికోసారి వాళ్లకి ఆ ఒక్క ఊపిరైనా వదలాలని ఊరి ఆచారం. తాతల నాటి నుంచీ ఆ ఖాళీని ఎవరూ పూడ్చలేదు.

ఊనా పూడ్చింది. ఆమె బాధ ఆమెది. చలికాలంలో డోలీనాకి ఊపిరితిత్తుల జబ్బు చేసి చావు తప్పి కన్ను లొట్టపోయింది. మంచం దిగిందే గానీ ఊపిరిలో పిల్లికూతలు పోలేదు. సాధనలో ఆ ఖాళీ వచ్చినప్పుడల్లా అవి హాలంతా వినబడేవి. ఓ రోజు వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. డోలీనా పిల్లనగ్రోవిని సంచిలో పెట్టేసి, ఇంక నేను రానంది. చెల్లెల్ని మళ్లీ మనుషుల్లోకి తెచ్చింది ఈ పాటే మరి. అందుకని ఊనా ఒక ఉపాయం చెప్పింది. ఖాళీలో తాను స్వరం ఆపకుండా లాగుతుంది. ఆ చాటున చెల్లెలు ఎంత ఆయాసపడినా ఎవరికీ వినబడదు.

"వాళ్ల చోటు నువ్వు తీసుకుంటే, వాళ్లు ఎవరి ఊపిరి తీసుకోవాలమ్మా?" అన్నాడు ఈనియస్.

"పోయినవాళ్ల సంగతి తర్వాత బాబాయ్. నా చెల్లెలు బతికుంది," అంది ఊనా.

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే మనిషి ఆమె.

ఉత్సవంలో ముగ్గురినీ వేదిక మీదికి పిలిచారు. డేరా నిండా జనం. పాట హాయిగానే మొదలైంది, పిల్లలు కూడా అల్లరి మానేశారు. పొడుగాటి స్వరం వచ్చింది. ఈనియస్ ఆగాడు. డోలీనా ఆగింది. ఊనా ఆపలేదు.

కుళ్లిన పడవ తాళ్ల వాసన... పాచి వాసన. చెవి పక్కనే ఎవరో ఊపిరి పీల్చబోయారు. తడిసిన గొంతు. గాలి అందలేదు. మళ్లీ పీల్చబోయారు... అందలేదు. ఆ వెనక ఇంకొకరు. ఆ వెనక... ఇంకా ఎందరో.

ఊనా ఒళ్లు గగుర్పొడిచింది. ఆపేద్దామనుకుంది. ఆపితే పిల్లికూతలు అందరికీ వినబడతాయి. మళ్లీ నవ్వుతారు. ఇంకొక్క క్షణం... ఇంకొక్కటి... కళ్లు మూసుకుని లాగింది.

పక్కన డోలీనా పిల్లికూతలు ఆగిపోయాయి.

తగ్గలేదు. ఆగిపోయాయి.

తర్వాత డోలీనా పిల్లనగ్రోవి అందుకుని మిగతా సగం వాయించింది. ఎంత బాగా వాయించిందనీ! ఊపిరి కోసం ఎక్కడా ఆగనే లేదు. జనం లేచి చప్పట్లు కొట్టారు. ఊనాకి ఆనందంతో కళ్లు చెమర్చాయి, ఆ వాసన కూడా మర్చిపోయింది. ఈనియస్ మాత్రం డోలీనా ముఖం వంక ఒకసారి చూసి, ఎవరికీ చెప్పకుండా మంచులోకి వెళ్లిపోయాడు.

అక్కాచెల్లెళ్లు కారెక్కారు. చలికి ఊనా పళ్లు టకటకలాడుతున్నాయి. డోలీనా వేపుళ్ల పొట్లం ఒళ్లో పెట్టుకుని ఒకటే కబుర్లు.

"ఆయాసమే లేదక్కా. వేదిక మెట్లన్నీ దిగి ఇంత దూరం నడిచానా, ఏమీ కాలేదు."

"నేను చెప్పలేదుటే?" అంది ఊనా. తన ముందు అద్దం ఆవిరి పట్టేసింది. చేతిగుడ్డతో తుడుచుకుని, చెల్లెలి వైపు కూడా తుడుద్దామని వంగింది.

తుడవడానికి అక్కడేమీ లేదు. ఇంతసేపూ డోలీనా ఆ కిటికీకి ముఖం ఆనించి మాట్లాడుతున్నా, అద్దం తేటగా ఉంది.

ఊనా చెయ్యి ఆగిపోయింది. "డోలీ... ఆ అద్దం మీద ఒకసారి ఊదవే," అంది మెల్లగా.

"ఇదేం సరదా నీకు," అని నవ్వి, డోలీనా నోరు తెరిచి ఊదింది. అద్దం మీద ఏమీ పడలేదు.

ఊనా వెనక్కి తిరిగింది. వెనక సీటులో పిల్లనగ్రోవుల సంచి తప్ప ఏమీ లేదు. కానీ అక్కడి కిటికీ ఆవిరి పట్టింది... తేటపడింది... మళ్లీ ఆవిరి పట్టింది.

సన్నగా పిల్లికూతలు వినబడ్డాయి. చలికాలమంతా డోలీనా మంచం పక్కన కూర్చుని ఊనా విన్నవే.