గుప్పెడు ఎండు పూసలు

"సూటు అతనికి. గంబూట్లు నీకు," అన్నాడు బాస్.

గొంగళికి ఒళ్ళు భగ్గుమంది. గొంగళి అన్నది డిపార్ట్‌మెంట్ అతనికిచ్చిన కోడ్‌నేమ్. పక్క కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్న కుర్రాడి కోడ్‌నేమ్ సీతాకోక. ఈ పేర్లు పెట్టిన పుణ్యాత్ముడు దొరికితే గొంగళి పీక పిసికేసేవాడే. అది చాలదన్నట్టు సీతాకోక అతనికి స్వయానా తోడల్లుడు, భార్య చెల్లెలి మొగుడు. ఆఫీసులో వీణ్ణి బాస్ పొగుడుతాడు, ఇంటికెళ్తే అత్తగారు పొగుడుతుంది. ఎక్కడని చెవులు మూసుకుంటాడు?

"మిషన్ ఏంటి సార్?" అన్నాడు పళ్ళు బిగించి.

"నికెల్ పూత వేసే వర్క్‌షాపుల మురుగునీళ్ళు శుద్ధి చేసే ప్లాంట్. అక్కడి ఇంజనీరమ్మ కొత్త రెసిన్ కనిపెట్టింది. ఆవగింజంతేసి పూసలు. మురుగు వాటి మీదుగా పారితే నికెల్‌ని పట్టేస్తాయి. యాసిడ్‌తో కడిగితే నికెల్ మన చేతికొస్తుంది, శుభ్రమైన నీళ్ళు మళ్ళీ వర్క్‌షాపులకి పోతాయి. పేటెంట్‌కి ఇంకా దరఖాస్తు చెయ్యలేదు. 'త్రికోణం' ముఠాకి గుప్పెడు పూసలు దొరికితే చాలు, ముందు వాళ్ళే రిజిస్టర్ చేసుకుంటారు. ఆ తర్వాత మన సరుకు మనమే వాళ్ళ దగ్గర కొనుక్కోవాలి."

"త్రికోణంలో మన ఏజెంట్ ఉందిగా?"

"ముత్యాలావిడ. మనకీ పనిచేస్తుంది, వాళ్ళకీ పనిచేస్తుంది. అసలు ఎవరి మనిషో ఈసారి తేల్చేద్దాం. కొనుగోలుదారు వేషంలో, నా సంతకమున్న పాస్‌తో ప్లాంట్‌కి వస్తుంది. సీతాకోక ఆమె పక్కనే ఉంటాడు. నువ్వు ఆపరేటర్ వేషంలో లోపలుండు. ఆమె పూసల మీద చెయ్యేస్తే నీ బూటు మడమలో బటన్ నొక్కు. అరెస్ట్ సంగతి సీతాకోక చూసుకుంటాడు. వాళ్ళ కోడ్‌వర్డ్ 'ఎండ నీలంగా ఉంది.'"

"ఆమె పక్కన నేనుంటే ఏమవుతుంది సార్?"

బాస్ అతన్ని ఎగాదిగా చూశాడు. సీతాకోక టై సవరించుకున్నాడు.

ప్లాంట్‌లో గొంగళి బురద తోడాడు, వాల్వులు తిప్పాడు. ఒకరోజు ఎండిపోయిన పూసల్ని గాజుగొట్టంలో నిండా కూరి నీళ్ళు వదిలాడు. కాసేపటికి పూసలు ఉబ్బి గొట్టం ఫట్టున పగిలింది. ఇంజనీరమ్మ దులిపేసింది.

"ముందు నానబెట్టి, తర్వాత నింపాలయ్యా! సీసా నిండా శనగలు పోసి నీళ్ళు పోస్తే ఏమవుతుంది? ఇంట్లో వంటగది మొహం చూశావా ఎప్పుడైనా?"

ముత్యాలావిడ రానే వచ్చింది. మెడలో మూడు పేటల ముత్యాలు, ఎర్రటి చేతితొడుగులు. సీతాకోక ఏదో అన్నాడు. ఆమె పకపకా నవ్వింది. మూల నిలబడి నేల తుడుస్తున్న గొంగళి కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాడు. అంత నవ్వొచ్చే మాట వీడు జన్మలో ఎప్పుడన్నాడు?

ల్యాబ్‌లో ఇంజనీరమ్మ సీతాకోకకి ఏదో మీటర్ చూపిస్తోంది. ముత్యాలావిడ మెల్లగా ఓవెన్ వైపు జరిగింది. పూసలు ఎంత నీరు పట్టుకుంటాయో తేల్చడానికి ఎండబెట్టిన ట్రే ఒకటి అక్కడుంది. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఖాళీ సెంటుసీసా తీసి, చిటికెలో నిండా ఒంపేసుకుంది.

బటన్ నొక్కితే చాలు. కానీ నొక్కితే ఆ సూటువాడొచ్చి ఆమె చెయ్యి పట్టుకుంటాడు. మెడల్ వాడికి. అత్తగారింట్లో ఇంకో ఏడాది అదే పాట.

గొంగళి నొక్కలేదు. గేటు దగ్గర నేనే పట్టుకుంటా, అనుకున్నాడు.

గేటు బయట నల్లకారు ఆగి ఉంది. నంబర్ ప్లేట్ చూడగానే అతని పై ప్రాణాలు పైనే పోయాయి. విదేశీ రాయబారి కారు! ఆమె అందులో కూర్చుందంటే పోలీసులు కూడా ముట్టుకోలేరు. బాస్ పాస్ ఉన్న మనిషి బ్యాగ్‌ని ఒక ఆపరేటర్ వెతకనూ లేడు. ఛీ, నా కుళ్ళు తగలెయ్య! బటన్ నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. బూటు నిండా నీళ్ళు. బటన్ ఎప్పుడో చచ్చింది.

సీతాకోక ఆమె పాస్ వెనక్కివ్వడానికి సెక్యూరిటీ గదిలోకెళ్ళాడు. గొంగళి గంబూట్లు టపటపలాడిస్తూ వరండాలో ఆమెని అందుకున్నాడు.

"మేడమ్, ఎండ నీలంగా ఉంది."

ఆమె ఉలిక్కిపడింది. "నువ్వు మనవాడివా? నాకెవరూ చెప్పలేదే!"

"అందరికీ చెప్తే మనం మిగుల్తామా? మీరు తీసినవి ఎండు పూసలు. రెసిన్ తడారకూడదు మేడమ్, ఇలా తీసుకెళ్తే ఎందుకూ పనికిరాదు. నీళ్ళు పోసి మూత బిగించండి. గట్టిగా."

రెసిన్ తడిగా ఉంచాలన్న మాట ఆమె కూడా ఎక్కడో వినే ఉంది. అంతవరకే విని ఉంది. వాష్‌బేసిన్ కొళాయి కింద సీసా నింపి, మూత బిగించి, బ్యాగ్‌లో పడేసింది.

కారు తలుపు తెరుచుకుంది. ఆమె ఒక కాలు లోపల పెట్టింది. గొంగళి ఆమె బ్యాగ్ వైపే గుడ్లప్పగించి చూశాడు. పగలవేం? పగిలి చావవేం?

ఫట్!

బ్యాగ్ అడుగునుంచి నీళ్ళు కారాయి. ఏమైందో చూద్దామని ఆమె బ్యాగ్ తెరిచేసరికి గాజుపెంకులతో పాటు ఉబ్బిన గోధుమరంగు పూసలు జలజలా రాలి, అప్పుడే గేటు దాటి వస్తున్న సీతాకోక నున్నటి బూట్ల మీద పడ్డాయి. వాడు తెల్లమొహం వేసుకుని చూస్తున్నాడు.

ఈ అరెస్టూ వాడి ఖాతాలోకే! గొంగళికి ప్రాణం పోతున్నంత పనైంది. అయినా అరిచాడు. "పట్టుకో తమ్ముడూ! ఇంకో కాలు బయటే ఉంది!"

సీతాకోక ఆమెని ఇవతలికి లాగాడు. కారు ఖాళీగా వెళ్ళిపోయింది.

సాయంత్రం బాస్ సీతాకోక భుజం తట్టాడు. గొంగళితో, "నువ్వెళ్ళి స్నానం చెయ్యి," అన్నాడు.

గొంగళి బయట కొళాయి దగ్గర బూట్లు కడుక్కుంటుంటే సీతాకోక వచ్చి మెట్టు మీద కూలబడ్డాడు.

"అన్నయ్యా, నిజం చెప్తే ఏమీ అనుకోవుగా? నువ్వంటే నాకు చచ్చే కుళ్ళు. ఆ ప్లాంట్ పని నాకిమ్మని బాస్ కాళ్ళావేళ్ళా పడ్డాను. 'బుర్ర ఉన్నవాడు లోపలుండాలి, నువ్వు పక్కన నిలబడితే చాలు' అన్నాడు. ఇంట్లో మా ఆవిడ కూడా అంతే. 'మా బావని చూసి నేర్చుకో' అని రోజూ ఒకటే నస."

గొంగళి కడుపు చల్లబడాల్సిన మాట అది. చల్లబడలేదు. ఇన్నేళ్ళుగా తిండి మానేసి, నిద్ర మానేసి తను కుళ్ళుకుంటుంటే, చివరికి అందులో కూడా వీడు పోటీకొచ్చాడు!