మధ్యాహ్నపు గురక

"మా అమ్మ కింద పడినప్పుడు నువ్వెక్కడున్నావు?"

భర్త అలా అడిగి వారం దాటినా ఆ మాట ఆమె చెవుల్లో ఇంకా గింగురుమంటూనే ఉంది. ఎక్కడుందో చెప్పక తప్పలేదు... వీధి చివర గ్రంథాలయం వెనక గదిలో. జబ్బు చేసి మాట పడిపోయినవాళ్ళకి ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వంతులవారీగా వచ్చి మళ్ళీ మాటలు నేర్పే గది అది. జీతం భత్యం లేని పని. ఆమె వంతుకి ఒక బస్సు కండక్టరు వచ్చాడు. ఆయన దగ్గర మిగిలింది ఒక్కటే మాట. ఆకలేస్తోందా అంటే "ముందుకు జరగండి". భార్య ఎదురుగా కూర్చుని ఏడ్చినా "ముందుకు జరగండి". నెలల తరబడి పెదాలు కదిపి చూపించగా, ఆ రోజు "నీళ్ళు" అన్నాడు! ఆ సంతోషంతో ఇంటికి పరిగెత్తుకొస్తే అత్తగారు నేల మీద ఉంది. పక్కనే చెంబు దొర్లి ఉంది.

ఎముకలు విరగలేదు, అదే పదివేలు. కానీ ఆ సాయంత్రమే భర్త తన తల్లి మంచాన్ని ముందుగదిలో, ఎవరు బయటికెళ్ళినా ఆవిడకి కనిపించేలా, వీధి తలుపుకి ఎదురుగా వేయించాడు. రోజూ మధ్యాహ్నం ఆడపడుచు ఫోన్ చేస్తుంది. "వదినా, ఇంట్లోనే ఉన్నావా?" అంటుంది తియ్యగా. ఉన్నానని చెప్పి ఆమె మళ్ళీ పక్కబట్టలు ఉతకడానికి వెళ్ళాలి.

అత్తగారి మీద ఆమెకి కోపం లేదు. నడుము కింద చచ్చుబడిన మనిషి మీద కోపం ఎవరికొస్తుంది? ఒళ్ళు తుడవడం, పక్కకి ఒత్తిగిలించడం, జావ పట్టడం... అన్నీ తనే చేయాలి. పరాయి చెయ్యి తగలకూడదని ముసలావిడ పంతం. ఆ ఇంట్లో ఆమె కోడలు, లేదంటే వదిన, లేదంటే "ఏమే". ఆ వెనక గదిలో మాత్రం కండక్టరు భార్య ఆమెని టీచరమ్మా అని పిలిచేది. పెద్ద చదువు లేని తనని! ఆ ఒక్క గంట కోసం మిగతా రోజంతా ఓర్చుకునేది. ఇప్పుడు అదీ పోయింది. వంటింటి కిటికీ ఊచలు పట్టుకుని వీధి చివరికి చూస్తూ నిలబడుతోంది.

సెలవు రోజు మధ్యాహ్నం భర్త ఇంట్లో ఉండగా కండక్టరు భార్య గుమ్మంలోకి వచ్చింది.

"టీచరమ్మా, మీరు రాకపోయేసరికి ఆయన తలుపు వైపే చూస్తున్నాడు. నీళ్ళు అనడం కూడా మానేశాడు."

"తనకి కుదరదమ్మా. ఇంట్లోనే మంచాన పడ్డ మనిషి ఉంది," అన్నాడు భర్త.

అప్పుడు మంచం మీంచి గొంతు వినిపించింది.

"అది వెళ్తోందని నాకు మొదట్నుంచీ తెలుసురా."

"తెలుసా? నువ్వు నిద్రపోతావుగా ఆ వేళకి?"

"నా మొహం నిద్ర. నేను గురక పెడితే గానీ అది చెప్పులేసుకోదు. అందుకే పెట్టేదాన్ని."

"మరి ఆ రోజు ఎవర్నైనా పిలవచ్చుగా అమ్మా!"

"పిలిస్తే పక్కింటావిడ వస్తుంది. సాయంత్రానికి నీ చెవిన వేస్తుంది. దాని గంట పోతుంది. అందుకే చెంబు నేనే అందుకోబోయాను."

ఆమె మంచం పక్కన కూలబడి అత్తగారి చేతిలో ముఖం దాచుకుంది. ఇన్నాళ్ళూ ఒక్కతే గోడల మధ్య చిక్కుకుందనుకుంది. పక్క గదిలో ఇంకొకరు కళ్ళు మూసుకుని తనకి తలుపు తీస్తున్నారని తెలియలేదు...

ముసలావిడ కండక్టరు భార్య వైపు చూసింది.

"అమ్మాయ్, ఇది మీ ఆయన దగ్గరున్నంతసేపూ నువ్వు నా దగ్గర కూర్చుంటావా? ఒక్కోసారి... పక్క మార్చాల్సి వస్తుంది."

"మా ఆయనకి చేసే పనే కదండీ పెద్దమ్మా."

అంతలో ఫోన్ మోగింది. భర్తే తీశాడు. "మీ వదిన ఇంట్లో లేదు. పని మీద వెళ్ళింది. ఇంక ఈ వేళకి ఫోన్ చెయ్యకు," అని పెట్టేశాడు. భార్య మొహం చూడలేక మంచం పట్టె సరిచేస్తున్నట్టు వంగాడు.

ఆమె కళ్ళు తుడుచుకుని లేచింది. అత్తగారు గోడవైపు తల తిప్పుకుని గురక మొదలుపెట్టింది. గడప దగ్గర ఆమె కాళ్ళు ఆగిపోయాయి. గురకా ఆగింది.

"ఇంకా వెళ్ళలేదా?" అంది ముసలావిడ, కళ్ళు తెరవకుండానే.