నడుస్తుండగానే మార్చిన వేగం

"నీళ్లు" అన్నాడు భానోజీరావు.

అప్పటికే ఆయన భార్య కాంతమణి నీళ్లు తాగించి, మూతి తుడిచి, గ్లాసు కడిగి బోర్లించేసింది కూడా.

విశాఖ హార్బర్‌లోకి ఓడలను దారిచూపి తెచ్చిన పైలట్ ఆయన. పక్షవాతం వచ్చి, మెదడులో మాటలుండే చోటు దెబ్బతింది. చెదిరిపోకుండా మిగిలిన మాటలన్నిటినీ డాక్టర్ నసీమా ఒక హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించింది. మంచం పక్కన ఆ డిస్క్ ఉన్న, లైనక్స్‌తో నడిచే చిన్న కంప్యూటర్ పెట్టె, అందులోంచి ఆయన చెవి వెనక దాకా ఒక తీగ. ఆయన ఏదైనా అనుకోగానే పెట్టె తగిన మాట వెతికి అందిస్తుంది. ఆ అందించడమే మహా ఆలస్యం.

లోపమెక్కడుందో నసీమా పట్టేసింది. సిస్టమ్ ఈ పాత డిస్క్‌ను సరిగా పోల్చుకోలేక పి.ఐ.ఓ. మోడ్‌లో పెట్టింది. అంటే ప్రతి ముక్కనూ ప్రాసెసరే స్వయంగా మోసుకురావాలి. డి.ఎం.ఏ. మోడ్‌కు మారిస్తే డిస్క్ తన సరుకును నేరుగా మెమరీలో దించేస్తుంది.

"ఆపేసి మార్చకూడదా డాక్టరమ్మా?" అంది కాంతమణి.

"ఆపితే మెదడుతో కుదిరిన లంకె తెగిపోతుంది. మళ్లీ కుదురుతుందన్న నమ్మకం లేదు. నడుస్తుండగానే మార్చాలి."

"తేడా వస్తే?"

"మాటలు కలగాపులగమవుతాయి. అందుకే ముందు డిస్క్‌లో ఏదీ రాయకుండా కట్టడి చేస్తాను. చదవడంలో తప్పొచ్చినా ఉన్నది చెడదు."

భానోజీరావు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. చాలాసేపటికి, "కానివ్వండి" అన్నాడు.

నసీమా కమాండ్ ఇచ్చింది. ఆయన భార్య వైపు తిరిగి, "లంగరూ!" అని పిలిచాడు. కాంతమణి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. తెర నిండా ఎర్రర్లు.

నసీమా వెంటనే పాత మోడ్‌కు తిప్పింది గానీ కుర్చీలోంచి లేవలేదు. "వేగం మరీ ఎక్కువైంది, పెట్టెలో డిస్క్‌కున్న తీగ తట్టుకోలేదు. ఒక మెట్టు దిగి చూద్దాం."

ఆ మెట్టూ నిలవలేదు. ఇంకో మెట్టు దిగింది. అవే మాటలను పదే పదే చదివించి సరిచూసింది. ఈసారి ఒక్క ఎర్రరూ రాలేదు.

"ఏడవకు కాంతం, నేను బాగానే ఉన్నాను" అన్నాడు భానోజీరావు గడగడా.

కొన్ని నెలలకు ఆయన పెట్టెను సంచిలో వేసి భుజాన తగిలించుకుని ఆస్పత్రికి వచ్చాడు. "మళ్లీ పాత మోడ్‌లో పెట్టేయండి డాక్టరుగారూ."

నసీమా నిర్ఘాంతపోయింది. "మాటలు తప్పుతున్నాయా?"

"ఒక్కటీ తప్పట్లేదు. అదివరకు నేను నోరు తెరిస్తే కాంతం స్టవ్ కట్టేసి వచ్చి ఎదురుగా కూర్చునేది. ఏ మాటొస్తుందోనని నా పెదాలనే చూసేది. ఇప్పుడు వంటింట్లోంచి 'ఊఁ' అంటోంది. నిన్నయితే మధ్యలో టీవీ సౌండు పెంచింది."

"మార్చడం ఒక్క కమాండ్ పని. కానీ నేను చెయ్యను. ఈ మాట ఆవిడతోనే చెప్పండి" అంది నసీమా.

తలుపు తెరుచుకుంది. "ఆటో దొరికింది, రండి" అంది కాంతమణి.

"కాంతం, నీతో ఒక మాట..."

"దార్లో చెబుదురుగాని" అంటూ ఆమె అప్పటికే మెట్లు దిగుతోంది.

భానోజీరావు సంచి సర్దుకున్నాడు. "దార్లో కాదు, ఇక్కడే!" అని అరుస్తూ, వణికే కాలిని ఈడ్చుకుంటూ ఆమె వెనకాలే మెట్లు దిగసాగాడు.