గ్లిజరిన్ అక్కర్లేని నటి

ఉప్మా మీద మూతపెట్టి మంట తగ్గించిన సుభద్రమ్మకు ముందుగదిలోంచి కూతురి గొంతు వినిపించింది.

"ఏడ్వవే లాస్యా! నీ బొమ్మ పోయిందనుకో. పోయింది గదా, ఇగ ఏడ్వు!"

"పోలే మమ్మీ. గదిగో, మంచం కింద ఉంది."

సుభద్రమ్మ నవ్వుకుంది. కామారెడ్డిలోని ఆ ఇంట్లో కొన్నాళ్లుగా ప్రతి ఉదయమూ ఇదే తంతు. 2012వ సంవత్సరం అది. పసిపిల్లల చేత పెద్దల మాటలు పలికించి, వాటికి మార్కులు వేసే టీవీ కార్యక్రమాలు ప్రతి ఇంట్లోనూ భోజనాల వేళకు తగుదునమ్మా అని ప్రత్యక్షమవుతున్న కాలం. అలాంటి ఒక నటన పోటీకి ఏడేళ్ల లాస్యను పంపాలని తల్లి గంగ నిశ్చయించుకుంది. ఫోనుతో తీసిన ఏడుపు సన్నివేశం ఒకటి ఆ సాయంత్రానికల్లా పంపాలి. పిల్లకు డ్యాన్సు వచ్చు, డైలాగు వచ్చు. ఏడుపే రాదు.

ఏడుపు విద్య తెలిసిన మనిషి ఆ ఇంట్లోనే ఉంది. వసారాలో పేపరు చదువుకుంటున్న ఉమాదేవి, సుభద్రమ్మకు సొంత అక్క. ఎల్లారెడ్డి ఊళ్లో హన్మవ్వగా పుట్టి, తండ్రి రాజలింగు హార్మోనియం వెంట ఆరేళ్లకే నాటకాల్లోకి, అక్కణ్నుంచి మద్రాసు స్టూడియోల్లోకి వెళ్లిన మనిషి. బేబీ ఉమాదేవి తెరమీద కంటతడి పెడితే హాలు మొత్తం ముక్కులు చీదేదట. పెద్దయ్యాక కథానాయిక అయింది. ఆ నలుపు తెలుపు చిత్రాలు ఇప్పటికీ మధ్యాహ్నాలు టీవీలో వస్తూనే ఉంటాయి. గ్లిజరిన్ అక్కర్లేని నటి అని పత్రికలు తెగ రాశాయి. ఆరేళ్ల పిల్ల కళ్లలో అంత నీరు ఎక్కణ్నుంచి వచ్చిందని మాత్రం ఒక్క పత్రికా అడగలేదు.

పెళ్లి చేసుకోని ఆ అక్కను, మోకాళ్లు పట్టేసి ఒంటరిగా మిగిలిపోయాక, సుభద్రమ్మే తెచ్చి తన ఇంట్లో పెట్టుకుంది. వేళకు కూడు, వేళకు మందు. లోటేమీ చేయలేదు. ప్రేమ అనేది మాత్రం ఆ ఏర్పాటులో లేదు.

గంగ వసారాలోకి వచ్చింది. "పెద్దమ్మా, జర నువ్వన్న నేర్పరాదు? ఏడ్పు ఎట్ల తెచ్చుకుంటరు?"

"నాకు నేర్పడం రాదు గంగా."

"నేర్పుడు రాదా, నేర్పబుద్ధి అయితలేదా?"

"పిల్లను ఆడుకోనివ్వు తల్లీ." ఉమాదేవి మాట ఎప్పుడూ సినిమా మాటలాగే, యాస లేకుండా చదునుగా ఉండేది.

"నీకైతే పేరొచ్చె, ఫొటోలొచ్చె. మా పిల్లకొస్తే నీదేం పోతది?"

ఉప్మా పళ్లేలతో వచ్చిన సుభద్రమ్మ ఆ మాటకు తోడు పలికింది. "ఆమెనెందుకు అడుగుతవే? ఆమె ఏడ్పు తెరమీదికే. కన్నతల్లి పీనుగ ముంగట కూసొని నవ్విన మనిషి. ఎల్లారెడ్డి అంత చూసింది."

అరవై ఏళ్లుగా ఆ కుటుంబంలో నలుగుతున్న మాటే అది. ముఖాన పడటం మాత్రం అదే మొదటిసారి. తల్లి పోయేనాటికి సుభద్రమ్మకు నాలుగేళ్లు. తల్లి ముఖం గుర్తులేదు. పెదనాన్న కొడుకు సిద్ధిరాములు చెప్పగా విన్న ఆ నవ్వు మాత్రం కళ్లారా చూసినంత గుర్తు. ముప్ఫై ఏళ్లు తెలుగు పంతులమ్మగా పనిచేసి, కావ్యాల్లోని కరుణరసాన్ని పిల్లలకు విడమరచి చెప్పిన ఆమె, అక్కకు గుండె లేదని ఎప్పుడో తీర్పు చెప్పేసుకుంది.

ఉమాదేవి పేపరును అంచులు కలిపి మడిచి, చేతికర్ర అందుకొని పెరట్లోకి వెళ్లిపోయింది.

"చూసినవా? ఉలుకు లేదు, పలుకు లేదు," అంది సుభద్రమ్మ. "నేనొకటి చెప్త విను. నేను మంచంల పండుకుంట. అమ్మమ్మ సచ్చిపోయిందని దానికి చెప్పు. ఏడ్పు అదే వస్తది."

"అమ్మో, గదేం మాటనే! కీడు కాదా?"

"చదువుకున్నదానివి, కీడేంది? యాక్టింగే కదా."

ఆలోచన సుభద్రమ్మది. ఎవరూ ఆమెను బలవంతపెట్టలేదు. మంచం మీద వెల్లకిలా పడుకొని, చేతులు రెండు పక్కలా చాపి, దుప్పటి గడ్డం దాకా లాక్కొని, ఊపిరి వీలైనంత చిన్నగా తీస్తూ కళ్లు మూసుకుంది. గంగ ఫోను సిద్ధం చేసుకొని పిల్లను పిలిచింది.

"బిడ్డా, అమ్మమ్మ లేస్తలేదు. అమ్మమ్మ సచ్చిపోయింది."

కాసేపు ఏమీ లేదు. తరువాత ఒక చిన్న చేయి భుజాన్ని కదిపింది. "అమ్మమ్మా, లే. ఉప్మా సల్లగైతది." మళ్లీ కదిపింది. అప్పుడు వచ్చింది ఏడుపు. గొంతులోంచి కాదు, అంతకన్నా లోపలినుంచి. దుప్పటిని పట్టి లాగుతూ, అమ్మమ్మా అని మళ్లీ మళ్లీ పిలుస్తూ.

ఆ క్షణంలో సుభద్రమ్మకు జాలి కలగలేదు. తృప్తి కలిగింది. బాగా వస్తోంది, ఇంకాస్త సేపు కదలకూడదు అనుకుంది. తరువాతి రోజుల్లో ఆమెను కాల్చింది ఆ ఏడుపు కాదు, ఈ తృప్తి.

"వచ్చింది, మస్తుగొచ్చింది!" అంది గంగ.

సుభద్రమ్మ లేచి కూర్చొని నవ్వుతూ చేతులు చాపింది. "ఉత్తదే బిడ్డా! చూడు, అమ్మమ్మ బతికే ఉంది. దా."

లాస్య రాలేదు. గోడదాకా వెనక్కి జరిగి, అమ్మమ్మ ముఖాన్ని, తల్లి చేతిలోని ఫోనును మార్చి మార్చి చూసింది. చెంపలమీద తడి ఆరలేదు.

"మమ్మీ, మళ్ల ఏడ్వాల్నా?"

జవాబు గుమ్మంలోంచి వచ్చింది. "వద్దు బిడ్డా. ఇగ ఎన్నడు వద్దు."

ఉమాదేవి చేతికర్రమీద రెండు చేతులూ మోపి నిలబడి ఉంది. ఆమె నోట సినిమా మాట లేదు. చిన్నప్పటి ఎల్లారెడ్డి మాట తిరిగి వచ్చింది.

"మా బాపు గూడ గట్లనే అనేటోడు సుభద్రా. ఉత్తదే బిడ్డా అని."

"ఏమంటున్నవక్కా?"

"గ్లిజరిన్ అక్కర్లేదని రాసిండ్రు గదా. ఎందుకక్కర్లేదో విను. లైట్లు ఏసినంక బాపు నా చెవుల చెప్పేటోడు, హన్మవ్వా, మీ అమ్మ బాయిల పడి సచ్చిపోయిందట అని. నేను ఏడ్సేదాన్ని. అందరు సప్పట్లు కొట్టేటోళ్లు. అయిపోయినంక ఉత్తదే అనేటోడు. ఇంకోనాడు పాము కరిసిందనేటోడు. నమ్మొద్దు అనుకునేదాన్ని. ఈసారి నిజమైతే ఎట్ల అని మళ్ల నమ్మేదాన్ని."

"అబద్ధం! బాపు గంత పని చేయడు."

"నువ్విప్పుడు చేయలేదా?"

సుభద్రమ్మ ఒళ్లోని దుప్పటిని అవతలికి తోసేసింది.

"అమ్మ పోయిననాడు నిజామాబాదుల నాటకం," అంది ఉమాదేవి. "నాకు పదేండ్లు. ముఖానికి రంగేస్తుంటే బాపు ఏడ్సుకుంట వచ్చి, అమ్మ పోయింది బిడ్డా అన్నడు. అబ్బ, ఇయ్యాల బాపు ఎంత మంచిగ చేస్తున్నడు అనుకున్న. ఎల్లారెడ్డి వచ్చినం. అందరు ఏడుస్తున్నరు. అందరు మంచిగనే చేస్తున్నరు. నేను అమ్మ ముంగట కూసున్న. ఇగ బాపు ఉత్తదే అంటడు, అమ్మ లేస్తది, లేసి ముందుగాల నన్నే చూస్తది అని ముఖం నవ్వుకుంట పెట్టుకున్న. పాడె ఎత్తేదాక గట్లనే ఉన్న. ఎవ్వరు ఉత్తదే అనలే."

గంగ ఫోను తీసి ఆ వీడియోను చెరిపేసింది. పోటీ మాట ఆ ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

"ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదక్కా?" సుభద్రమ్మ అడిగింది.

"అమ్మ ముఖమే నీకు యాదికి లేకపాయె. ఉన్నది బాపు ఒక్కడు. ఆయనను గూడ గుంజుకుంటే నీకేం మిగుల్తది?"

అరవై ఏళ్లు నిందను మోస్తూ ఆ అక్క చెల్లెలికి తండ్రిని మిగిల్చింది. చెల్లెలు ఆ నిందను నలుగురికీ పంచుతూ వచ్చింది.

రెండు రోజుల తరువాత మధ్యాహ్నం సుభద్రమ్మ కునుకు తీస్తుంటే ముక్కు దగ్గర ఏదో వెచ్చగా తగిలింది. లాస్య వేలు. ఊపిరి ఆడుతోందో లేదో చూసి, నిలకడగా కాసేపు ఉంచి, పిల్ల చప్పుడు చేయకుండా వెళ్లిపోయింది. మరునాడూ వచ్చింది. సుభద్రమ్మ కళ్లు తెరవలేదు. ఆ పిల్ల కళ్లలోకి చూసే ముఖం ఆమెకు లేదు.

అంతలో పెత్రమాస వచ్చింది. చనిపోయిన పెద్దల పేరిట బియ్యం ఇచ్చే ఆ రోజుకు కుటుంబమంతా ఎల్లారెడ్డిలో సిద్ధిరాములు ఇంట కలుస్తుంది. ఆ పిలుపు ఉమాదేవికి ఎన్నడూ అందలేదు.

"అక్కా, ఎల్లారెడ్డి పోదాం రా."

"నన్ను రానిస్తరా?"

"నేను తోల్కపోతున్న. ఎట్ల రానియ్యరో చూస్త."

ఇంటినిండా చుట్టాలు ఉన్నారు. వాకిట్లో ఆడపిల్లలు బతుకమ్మకు తంగేడుపూలు వలుస్తున్నారు. పెద్ద వయసులోనూ నోటి దురుసు తగ్గని సిద్ధిరాములు, జీపు దిగుతున్న ఉమాదేవిని చూసి కళ్లద్దాలు సవరించుకున్నాడు.

"ఏందే సుభద్రా, గీమెను పట్టుకొచ్చినవ్? మళ్ల నవ్విపియ్యనీకా?"

ఎవరో కిసుక్కుమన్నారు. సుభద్రమ్మ అరుగు ఎక్కి, క్లాసులో నిలబడినట్టు నిలబడింది. తండ్రి చెవిలో చెప్పిన మాటలు చెప్పింది. నిజామాబాదు నాటకం సంగతి చెప్పింది. గొంతు ఎక్కడా తడబడలేదు. చివరి మాట దగ్గరే ఆగింది. అయినా చెప్పింది.

"నేను గూడ గదే చేసిన సిద్ధిరాములన్నా. ఏడేండ్ల పిల్ల ముంగట, సిగ్గులేకుంట, సచ్చినట్టు పండుకున్న. అది ఏడుస్తుంటే మంచిగొస్తుందని సంబరపడ్డ. మా అక్క ఆనాడు నవ్వలే. అమ్మ లేస్తదని ఎదురుచూసింది. గుండె లేంది ఆమెకు కాదు, నాకు."

పూలు వలిచే చేతులు ఆగిపోయాయి.

"మేం గూడ పిలగాండ్లమే అప్పుడు. చూసిందే చెప్పినం," అని సిద్ధిరాములు గొణిగి, లేచి తన పీటను తానే తెచ్చి వాల్చాడు. "హన్మవ్వా, దా. పెద్దబిడ్డవు నువ్వు. మీ అమ్మ పేరుమీద బియ్యం నువ్వే ఇయ్యి."

పెద్దల పటాలున్న లోగదిలో అయ్యగారు తల్లి పేరు అడిగాడు. "గంగవ్వ," అంది ఉమాదేవి, ఎవరినో పిలుస్తున్నట్టు. రెండు చేతులా బియ్యం ఇచ్చింది. అయ్యగారు దీవించి తన సంచీ సర్దుకొని వెళ్లిపోయాడు. ఆమె మాత్రం పీటమీదనుంచి లేవలేదు.

గదినిండా మనుషులు. ఆడవాళ్లు కొంగులు చేతుల్లోకి తీసుకొని ఆమె కళ్లవైపే చూస్తున్నారు. ఇప్పుడైనా ఏడుస్తుందని. సుభద్రమ్మా అలాగే చూస్తోంది. అక్క కంటి కొసలో తడి మెరుస్తుందేమోనని మెడ కాస్త ముందుకు చాచింది కూడా. చాచిన మరుక్షణం తానేమి చేస్తోందో ఆమెకు తెలిసింది.

"లేవుండ్రి. అందరు అవుతలికి నడువుండ్రి," అంది గట్టిగా. సిద్ధిరాములును కూడా చేయి పట్టి లేపింది. తాను అందరికన్నా ఆఖరున బయటికి వచ్చి, తలుపు దగ్గరికి వేసి, దానికి వీపు ఆనించి గడపమీద కూర్చుంది. లోపల అక్క ఏడ్చిందో, ఊరికే కూర్చుందో పిల్లల గోలలో వినిపించలేదు. వినాలని ఆమె ప్రయత్నించనూ లేదు.

లాస్య వచ్చి పక్కన నిలబడింది. కాసేపు తటపటాయించి, అమ్మమ్మ మోకాలికి ఆనుకొని కూర్చుంది.

"అమ్మమ్మా, లోపల పెద్దమ్మమ్మ ఏం చేస్తుంది?"

"తెల్వది బిడ్డా," అంది సుభద్రమ్మ, కళ్లు తుడుచుకోకుండానే. "మనం చూడొద్దు."