ఓడిపోతే ఇల్లు నిలుస్తుంది

శనివారం పొద్దున్న ఏడున్నరకి గ్లెండా హాస్లమ్ పెనం మీద పంది మాంసం ముక్కలు వేయించి, రెండు గుడ్లు కొట్టి, టోస్టుకి వెన్న రాసి బల్ల మీద పెట్టింది. నలభై ఏళ్ళుగా శనివారం పొద్దున్న ఆ ఇంట్లో ఇదే తిండి. మొగుడు క్లైవ్ మెట్లు దిగి వచ్చాడు. గడ్డం నున్నగా గీసుకుని, మెడకి క్లబ్బు రంగు టై కట్టుకుని, పెళ్ళికొడుకులా ఉన్నాడు. కంచం వంక చూసి పక్కకి జరిపాడు.

"ఏంటి, తినవా?"

"ఆట అయ్యేదాకా తిండి దిగదు. టీ పొయ్యి, చాలు."

అరవై మూడేళ్ళ మనిషి, బంతాట కోసం తిండి మానేశాడు. ఆట కూడా ఎక్కడిదనుకున్నారు? ఇంగ్లండులో ఫుట్‌బాలుకి అంచెలుంటాయి. ఇది పైనుంచి ఆరో అంచె. ఇవాళ ఫైనల్ గెలిస్తే ఈ ఊరి క్లబ్బు హాల్డెన్‌షా టౌన్ అయిదో అంచెకి ఎక్కుతుంది. పక్క జిల్లాలో అడిగితే ఆ క్లబ్బు పేరు చెప్పగలిగినవాడు ఒకడు దొరకడు.

క్లైవ్ పదిహేనో ఏట బడి మానేసి కిటికీలు బిగించే పనిలో చేరాడు. ముప్ఫై ఏళ్ళు కష్టపడి కిటికీల ఫ్యాక్టరీ పెట్టి, నూటపది మందికి జీతాలిచ్చాడు. చిన్నప్పుడు టికెట్టుకి డబ్బుల్లేక మైదానం గేటు బయట నిలబడేవాడు. తొందరగా ఇంటికి పోయేవాళ్ళ కోసం ఆఖరి పావుగంటకి గేట్లు తీస్తారు, అప్పుడు దూరేవాడు. ఇరవై ఏళ్ళొచ్చేదాకా ఏ ఆటకీ మొదలు చూడలేదు. అలాంటివాడి చేతిలో డబ్బు పడ్డాక అదే క్లబ్బు అమ్మకానికొచ్చింది. ఇంకేం కావాలి! ఆరేళ్ళ కిందట కొనేశాడు.

తొమ్మిది వందల మంది చూడటానికొచ్చే ఆటకి క్లైవ్ కొత్త దీపాలు పెట్టించాడు, కొత్త గడ్డి వేయించాడు. అవతలి జట్లు పొద్దున్నే బస్సెక్కి వచ్చి ఆడిపోతుంటే, వీళ్ళు ముందురోజే వెళ్ళి హోటల్లో దిగేవాళ్ళు. ఒకప్పుడు పెద్ద అంచెలో ఆడి మోకాళ్ళు అరిగిన ముప్ఫై ఆరేళ్ళవాడికి వారానికి రెండున్నర వేల పౌండ్లు. పేదవాడు తాగి ఇల్లు గుల్ల చేస్తే తాగుబోతంటారు. డబ్బున్నవాడు బంతి మీద పోసి గుల్ల చేస్తే దాతంటారు, పేరు పెట్టి పాటలు పాడతారు. క్లైవ్ మీద కూడా పాట కట్టారు.

ఆయన జేబులోంచి పొడుగాటి కవరు తీసి టీ కెటిల్ పక్కన పెట్టాడు.

"సోమవారం పదింటికి లాయరు దగ్గరికెళ్ళాలి. నువ్వొక్కదానివే. నేను లోపలికి రాకూడదు."

"తెలుసులే. ఫ్యాక్టరీ తాకట్టుకి వెళ్ళానుగా మూడేళ్ళ కిందట. నువ్వు బయట కారు ఇంజను ఆపకుండా కూర్చున్నావు."

"అదే. ఎవరైనా బలవంతపెట్టారా అని అడుగుతాడు. లేదను. అయిదు నిమిషాల పని."

"ఈసారి దేనికి?"

"మామూలే."

"మామూలంటే ఏంటి క్లైవ్? ఫ్యాక్టరీ అమ్ముకున్నాం. స్పెయిన్లో ఫ్లాటు పోయింది. ఇంక మామూలుగా మిగిలింది మన నెత్తిమీదున్న ఈ కప్పే."

క్లైవ్ కిటికీలోంచి వాన చూస్తూ కూర్చున్నాడు. ఇంతలో పెరటి తలుపు తోసుకుని కూతురు కిర్స్టీ వచ్చింది. క్లబ్బు ఆఫీసు పనంతా ఆ పిల్లే చూస్తుంది. తడి గొడుగు మూలన పారేసి, కవరునీ, తండ్రి మొహాన్నీ, తల్లి మొహాన్నీ వరసగా చూసింది.

"చెప్పలేదన్నమాట."

"కిర్స్టీ, ఇవాళ కాదు. ఇవాళ ఆట రోజు."

"ఆట రోజు కాబట్టే చెప్పాలి నాన్నా. అమ్మా, ఆగస్టులో వరసగా నాలుగు ఆటలు ఓడిపోయాం గుర్తుందా? ఈయన ఆటగాళ్ళ డ్రెస్సింగ్ రూంలోకెళ్ళి, పై అంచెకి ఎక్కితే తలా పదిహేను వేల పౌండ్లు ఇస్తానని వాళ్ళ మొహం మీద చెప్పేశాడు. మర్నాడు నాచేత టైపు చేయించాడు. ఆడినవాళ్ళకే అని రాద్దాం నాన్నా అన్నాను. 'అందరికీ' అని రాయించాడు. ఇరవై ఇద్దరు. జనవరిలో కాలు విరిగి అమ్మగారింట్లో టీవీ చూస్తున్నవాడితో సహా."

గ్లెండా పెదవులు కదిలాయి. మూడు లక్షల ముప్ఫై వేలు.

"అప్పుడు అడుగునుంచి రెండో స్థానంలో ఉన్నాం!" క్లైవ్ గొంతు పెంచాడు. "మేం ఎక్కుతామని ఎవడనుకున్నాడు?"

"అదీ సంగతి. ఇవ్వక్కర్లేదనుకుని ఇస్తానన్నావు. వెధవలు గెలవడం మొదలెట్టారు."

గ్లెండా కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఇవాళ ఓడితే ఏమవుతుంది?"

ఆ ఇంట్లో ఆరేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. కిర్స్టీ నెమ్మదిగా చెప్పింది. "ఓడితే సగంమంది ఒప్పందాలు నెలాఖరుకి తీరిపోతాయి. చవగ్గా దొరికే ఊరి కుర్రాళ్ళతో నడుపుకోవచ్చు. ఇంటి జోలికి పోనక్కర్లేదు. గెలిస్తే సోమవారం నీ సంతకం."

"గెలిస్తే అయిదో అంచె తల్లీ! ఆ పైన ఇంకొక్కటి ఎక్కామంటే టీవీ వాళ్ళిచ్చే డబ్బు..."

"ప్రతి మెట్టు దగ్గరా ఇదే మాట. ఎక్కినకొద్దీ జీతాలు మూడింతలయ్యాయి. జనం మాత్రం తొమ్మిది వందల నుంచి పదిహేను వందలయ్యారు, అందులో మూడొందలమందికి నువ్వే ఊరికే పాసులిచ్చావు."

"మీకేం తెలుసే! ఆ గేటు బయట నేను..."

"నలభై ఏళ్ళుగా వింటున్నాను ఆ గేటు కథ," అంది గ్లెండా. "గేటు లోపలికొచ్చి ఆరేళ్ళయింది క్లైవ్. ఇంకా చాల్లేదా?"

క్లైవ్ లేచాడు. కుర్చీ వెనక్కి పడింది, ఎవరూ ఎత్తలేదు.

"సంతకం పెట్టవా?"

"పెట్టను. ఇంకో మాట కూడా విను. ఇవాళ మనవాళ్ళు ఓడిపోవాలని కోరుకుంటాను."

"ఆ మాట మైదానంలో అనకు. తరిమి తరిమి కొడతారు."

"నా ఇంట్లో అంటున్నాను. సోమవారం దాకా నాదేగా."

"నువ్వు సంతకం పెట్టకపోతే ఈ ఊళ్ళో నేను తలెత్తుకోలేను గ్లెండా."

"పెడితే తల దాచుకోలేం."

ఆయన కోటు తగిలించుకుని బయటికెళ్ళిపోయాడు. కారు శబ్దం వాలు దిగి పోయేదాకా తల్లీకూతుళ్ళు అలాగే కూర్చున్నారు. కిర్స్టీ తండ్రి కంచం దగ్గరికి లాక్కుని చల్లారిన గుడ్డు తినడం మొదలెట్టింది. రెండు ముద్దలు తిన్నాక ఏడ్చింది.

"ఊరుకో," అంది గ్లెండా. "మైదానానికి వెళ్ళాలి. ఇవాళ నేను కనపడకపోతే ఊరంతా అడుగుతారు."

*

మూడింటికి మైదానం చీమల పుట్టలా ఉంది. నాలుగు వేలమంది. ఇంతమంది వారం వారం వచ్చుంటే ఈ కథే లేదు. జనం ఫైనల్‌కి వస్తారు, పెళ్ళి భోజనానికి వచ్చినట్టు. పీట కొన్నదెవడో, పందిరి వేసిందెవడో వాళ్ళకెందుకు?

యజమానుల వరసలో క్లైవ్ పక్కన గ్లెండా కూర్చుంది. దారి పొడుగునా లేచి నిలబడి పలకరించారు. మైదానంలో టీ అమ్మే ఐరీన్ చెయ్యి పట్టుకుని ఊపేసింది. "మీ ఆయన లేకపోతే ఈ చోట ఈపాటికి కార్ల షెడ్డు లేచేది తల్లీ! చల్లగా ఉండాలి!" గ్లెండా నవ్వింది. ఆ నవ్వు ఆవిడకి అలవాటైపోయింది. అలవాటే కాదు, మూడేళ్ళ కిందట లాయరు దగ్గర సంతకం పెట్టించింది కూడా అదే. ఎవరైనా బలవంతపెట్టారా అని లాయరు కళ్ళజోడు పైనుంచి అడిగితే లేదంది. అబద్ధం కాదు. తను వస్తుంటే మనుషులు లేచి నిలబడటం ఆవిడకీ తియ్యగానే ఉండేది. ఈ సంగతి పొద్దున్న వంటింట్లో గుర్తురాలేదు. ఇక్కడ గుర్తొచ్చింది.

ఆట మొదలైన పావుగంటకి అవతలివాళ్ళు గోలు వేశారు. నాలుగు వేలమంది ఒక్కసారి మూగబోయారు. గ్లెండా చేతులు ఒళ్ళో బిగించి పట్టుకుంది, సంతోషం ఎక్కడ బయటపడుతుందోనని. సగం ఆట దాటాక మనవాళ్ళు సమం చేశారు. నెత్తిమీది రేకుల కప్పు ఊగిపోయింది. పక్కవాళ్ళు కావలించుకుంటుంటే ఆవిడా లేచి చప్పట్లు కొట్టింది. దేవుడా, అనుకుంది, నా చేతుల్తో నేనే చప్పట్లు కొడుతున్నాను.

తొంభై నిమిషాలు అయిపోయాయి. ఒకటికొకటి. ఇంకో అరగంట ఆడించారు. వాన పెరిగింది. కుర్రాళ్ళు బురదలో పడుతూ లేస్తూ ఆడుతున్నారు, ఒక్కొక్కడి నెత్తిన పదిహేను వేలు. గ్లెండా ఆట చూడటం మానేసి మొగుణ్ణి చూసింది. మొహం పాలిపోయి ఉంది. పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన చేస్తున్నాడనుకుంది.

నూటపదో నిమిషంలో అవతలి జట్టువాడు ఒకడు బంతి తీసుకుని మనవాళ్ళందరినీ దాటేశాడు. ముందర గోలుకీపరు ఒక్కడే. మైదానమంతా "ఆపరా!" అని అరిచింది. ఆ అరుపుల కింద, తన చెవి పక్కనే, గ్లెండాకి వేరే మాట వినపడింది.

"వెయ్యరా," అంటున్నాడు క్లైవ్. "వెయ్యరా నాయనా, వేసెయ్యి."

గోలుకీపరు కాలితో ఆపేశాడు. జనం గొంతులు చించుకున్నారు. క్లైవ్ కళ్ళు మూసుకున్నాడు.

గ్లెండా మొగుడి వంక తిరిగింది. పొద్దున్న తను అన్న మాటనే ఈ మనిషి తన నోటితో, తన మైదానంలో, తన డబ్బుతో కట్టిన కప్పు కింద కూర్చుని అంటున్నాడు. ఎంత కాలంనుంచి అనుకుంటున్నాడో. ఏ ఆటనుంచి. గోలు పడిన ప్రతిసారీ ఊరంతా ఎగురుతుంటే, నవ్వుతూ చేతులూపుతూ లోపల ఎంత చచ్చాడో. ఆవిడ ఆయన చెయ్యి అందుకుంది. ఆయన లాక్కోలేదు.

"విన్నావా?" అన్నాడు కళ్ళు తెరవకుండానే.

"విన్నాను."

"ఎవరికీ చెప్పకు."

"మొదలెట్టినప్పుడే ఆపమని నేను అనుండాల్సింది క్లైవ్."

"అన్నా వినేవాణ్ణి కాదులే."

నూటపద్దెనిమిదో నిమిషం. మన జట్టులో ఎడమ పక్క కాపు కాసే కుర్రాడొకడు, ఆ ఏడాది మొత్తం ఒక్క గోలూ వెయ్యనివాడు, ఎటు పోవాలో తెలియక బంతిని గుడ్డిగా తన్నాడు. అది ఎవడి వీపుకో తగిలి, దిశ మారి, అవతలివాళ్ళ వలలో పడింది.

ఆ తర్వాత రెండు నిమిషాలు ఏం జరిగిందో గ్లెండాకి తెలీదు. ఈల మోగింది. జనం కంచె దూకి గడ్డి మీదికి వరదలా వచ్చేశారు. క్లైవ్ రెండు చేతుల్లో మొహం పెట్టుకుని, భుజాలు ఎగిరిపడేలా ఏడుస్తున్నాడు.

"ఏడవనియ్యండి పాపం!" వెనకనుంచి ఎవరో అన్నారు. "ఆరేళ్ళ కల! మనిషంటే వీడు!"

వీపు మీద చరుస్తున్నారు. తల నిమురుతున్నారు. ఒకడు ముద్దు కూడా పెట్టాడు. జనం కిందనుంచి పేరు పెట్టి పిలుస్తున్నారు. ఆ గోలలో క్లైవ్ భార్య చెవి దగ్గరికి వంగాడు.

"గ్లెండా. సోమవారం వెళ్ళకు."

ఆవిడ సరిగ్గా విన్నానో లేదోనని ఆయన మొహంలోకి చూసింది.

"సంతకం పెట్టకు. నేనే బతిమాలినా పెట్టకు. నేను రేపటికల్లా మళ్ళీ మారిపోతాను, నాకు తెలుసు."

"మరి వాళ్ళకేం చెప్తావు?"

"తెలీదు. క్లబ్బు పోతుందేమో. నన్ను తంతారేమో." చిన్నపిల్లాడిలా ముక్కు తుడుచుకున్నాడు. "నాకు భయంగా ఉంది."

"నాకూ భయంగానే ఉంది. రేపటికి మారిపోయేవాడివైతే వాళ్ళకి ఇప్పుడే చెప్పు. పద, నేనూ వస్తాను."

ఇద్దరూ మెట్లు దిగారు. ఎదురొచ్చిన కిర్స్టీ తల్లి మొహం చూసి, సగం తెలిసి సగం తెలియక, తండ్రి రెండో పక్కన నడిచింది. గడ్డి మధ్యలో కప్పు పెట్టిన బల్ల, దాని పక్కన మైకు. ఆటగాళ్ళు బురద మొహాలతో, ఒకళ్ళ భుజాల మీద ఒకళ్ళు చేతులేసుకుని, పళ్ళికిలిస్తూ నిలబడి ఉన్నారు. ఆఖరి గోలు వేసిన కుర్రాడు అమ్మతో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. ఎవరో మైకు తెచ్చి క్లైవ్ చేతిలో పెట్టారు.

ఆయన ఆటగాళ్ళ వైపు తిరిగాడు.

"మీకు ఇస్తానన్న డబ్బు," అన్నాడు, "నా దగ్గర లేదు."

ముందు వరసలో కొందరు నవ్వారు. క్లైవ్ జోకు వేశాడనుకున్నారు. ఒకడు "అయితే ఫ్యాక్టరీ అమ్మెయ్యరా!" అని అరిచాడు. ఇంకా గట్టిగా నవ్వారు.

"అమ్మేశాను," అన్నాడు క్లైవ్. "ఇంకేం లేదు. ఇంక ఇవ్వలేను. నన్ను క్షమించండి."

ఆటగాళ్ళ చేతులు పక్కవాళ్ళ భుజాల మీంచి జారాయి. ముందు వరస మూగబోయింది, దాని వెనక వరస, దాని వెనక ఇంకోటి. దూరంగా గోలు స్తంభాల దగ్గర మాత్రం ఇంకా ఎగురుతూ పాడుతూనే ఉన్నారు. క్లైవ్ మైకు బల్ల మీద పెట్టెయ్యబోయాడు.

గ్లెండా ఆ చెయ్యి పట్టుకుని మళ్ళీ ఆయన నోటి దగ్గరికి ఎత్తింది.

"ఇంకోసారి చెప్పు క్లైవ్," అంది. "వెనకవాళ్ళకి వినపడలేదు."